మిగిలిన విత్తనం

మా శాఖలో కొత్తగా చేరినవాళ్ళకు తరగతులు పెట్టినప్పుడు నన్నూ ఒక గంట మాట్లాడమని పిలుస్తుంటారు. రిటైరైన మనిషి, ఖాళీగా ఉంటుంది, కారు పంపితే వస్తుంది, శాలువా కప్పితే సంతోషిస్తుంది అని వాళ్ళ లెక్క. లెక్క సరైనదే, వెళ్తాను. చట్టంలోని సెక్షన్లు చెప్పడానికి, నమూనాలకు సీలు వేసే పద్ధతి చూపించడానికి వేరేవాళ్ళు ఉన్నారు. నేను చెప్పేది ఒకటే. విషం తిని మంచాన పడ్డ మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు "ఏం తిన్నారు" అని అడిగి ఊరుకోకండి. "నోట్లో ఏమేం వేసుకున్నారు" అని అడగండి. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, కొందరు ముసిముసిగా నవ్వుకుంటారు. ఈమధ్య ఒక అమ్మాయి లేచి, రెండింటికీ తేడా ఏమిటి మేడమ్ అని అడిగింది. అప్పటికి నా గంట అయిపోయింది. ఇంటికొచ్చాక ఆ పిల్లకు జవాబు బాకీ పడ్డానని మనసు పీకుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను రాయచూరులోనే పుట్టాను. మాది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. నాన్నకు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్టులో, పప్పుధాన్యాల దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, దుకాణం మెట్ల మీద ఉర్దూ, ఇలా మూడూ కలిపి నమిలి పెరిగాం. అమ్మ కందిపప్పు డబ్బాల్లో పురుగు పట్టకుండా ఏవో బిళ్ళలు వేసేది, వండేముందు నాలుగు నీళ్ళు పోసి కడిగేది. "కడుగుతే పోతది" అనేది. నేను రసాయనశాస్త్రం చదివి, ఆహార భద్రత అధికారినై, ఊరందరికీ పాఠాలు చెప్పే రోజుల్లో కూడా అమ్మ ఆ బిళ్ళలు మానలేదు, నేనూ గట్టిగా మాన్పించలేదు. మా జిల్లాలో ఆ మాట వినపడని వంటిల్లు ఉండదు.

నా ఉద్యోగంలో చాలా భాగం రంగులతో పోట్లాటే. కారంపొడిలో రంగు, మిఠాయిలో రంగు, టీపొడిలో రంగు. నీళ్ళలో వేసి చూపిస్తే రంగు విడిచేది, కొట్టువాడి ముఖంలో కూడా రంగు మారేది. రంగు కనిపిస్తే కల్తీ, కనిపించకపోతే మంచిది అని జనానికి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఆ చెప్పడం ఎక్కడికి దారితీస్తుందో అప్పట్లో నాకు తోచలేదు.

నేను మాన్వి తాలూకా చూస్తున్న రోజులు. దసరా వెళ్ళి, నల్లరేగడి చేలల్లో శనగ విత్తే కాలం. ఒక పొద్దున మా జిల్లా అధికారి ఫోన్ చేశారు. ఆయన్ని సార్ అనే రాస్తాను. మల్లట్ దాటాక ఉన్న ఒక ఊళ్ళో ముందురోజు సాయంత్రం నుంచి వాంతులు, విరేచనాలు, చాలామంది తాలూకా ఆసుపత్రిలో ఉన్నారు, ఒక ముసలామె అప్పటికే పోయింది, వెంటనే బయలుదేరు అన్నారు. ఆ ఊరి పేరు చెప్పను. వాళ్ళు పడ్డది చాలు.

ఆసుపత్రిలో మంచాలు చాలక నేల మీద చాపలు వేశారు. అందరూ ఆడకూలీలే. నోటి నుంచి సొంగ కారుతోంది, ఒంటి మీద చెమటలు, ఒకామె ఊపిరి తీసుకోలేక గోడ పట్టుకుని కూర్చుంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో నన్ను పక్కకు పిలిచాడు. "ఇది మామూలు వాంతుల జబ్బు కాదు మేడమ్, కంటిపాపలు చూడండి, ఆవగింజంత అయిపోయాయి. ఏదో పురుగుమందు ఒంట్లోకి పోయింది" అని కన్నడలో అన్నాడు. విరుగుడు సూదులు ఇస్తున్నాడు. ఉన్నవి అయిపోవస్తున్నాయని రాయచూరుకు మనిషిని పంపాడు. మందు ఏదో, ఎలా వచ్చిందో కనిపెట్టండి, లేకపోతే సాయంత్రానికి ఇంకో చాప వేయాలి అన్నాడు. మా పని అదే. విషం ఎందులో ఉందో తెలిస్తే, అది ఇంకెవరి నోటికీ పోకుండా ఆపొచ్చు.

పురుగుమందు అనేసరికి, అప్పటికే ఊరికి వచ్చిన సార్‌కు దారి దొరికింది. ఆ ఊరి తాగునీటి ట్యాంకుకు కాలువ నీళ్ళే ఆధారం. కాలువకు ఆవలి ఒడ్డున కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఉంది. వాళ్ళది వరి, వరికి మందు కొట్టడం తప్పదు. డబ్బాలు, పంపులు కాలువలో కడిగారు, అది ట్యాంకులోకి వచ్చింది, అంతే అన్నారు సార్. ఆయన చెడ్డవాడు కాదు. మా జిల్లాలో ఊరు ఊరంతా వాంతులతో పడిపోతే పది సార్లలో తొమ్మిది సార్లు నీళ్ళే కారణం. ఆ అనుభవమే మమ్మల్ని గుడ్డివాళ్ళను చేసింది. టీవీవాళ్ళు వచ్చేలోగా ట్యాంకుకు తాళం పడింది, సీలు పడింది, నేనే సంతకం పెట్టాను. ఊరి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని దూరాన ఉన్న బోరింగు వైపు నడిచారు. కొందరు కుర్రాళ్ళు క్యాంపుకు పోయి గట్ల మీదున్న మందు పంపులు పగలగొట్టి వచ్చారు.

క్యాంపు నుంచి ఒక పెద్దమనిషి మోటారుసైకిల్ మీద పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. చేతిలో నీళ్ళ సీసా ఉంది.

"అమ్మా, మీరు చదువుకున్నవారు, కాస్త వినండి. ఆ ట్యాంకు గొట్టమే మా క్యాంపుకీ వస్తుందండి. పిల్లా మేకా అందరం అవే నీళ్ళు తాగుతున్నాం. మాలో ఒక్కళ్ళకి కడుపు నొప్పి కూడా రాలేదు. మందు కలిపింది మేమే అయితే ముందు పోవాల్సింది మేమే గదండీ" అన్నాడు.

సీసా మూత తీసి గటగటా తాగేశాడు. సార్ నా చెవి దగ్గర నాటకం అన్నారు. నాకు నాటకంలా అనిపించలేదు. బయటికి వచ్చి జీపు నీడలో నిలబడి మళ్ళీ మొదటినుంచి ఆలోచించాను. ఊళ్ళో మగవాళ్ళకు ఏమీ కాలేదు. పిల్లలకు కాలేదు. పడిపోయినవాళ్ళంతా ముందురోజు ఒకే చేనులో శనగ విత్తిన కూలీలు.

ఆ చేను ఒక అవ్వది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, కొడుకుతో కలిసి తానే సేద్యం చేయిస్తుంది. గద్వాల వైపు పుట్టి ఈ ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. ఎప్పుడూ కూలీలతో సమానంగా సాలు వెంట నడిచే మనిషని ఊళ్ళోవాళ్ళే చెప్పారు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు కొంతమంది గుంపుగా నిలబడి ఉన్నారు, వాళ్ళ చూపులు మంచిగా లేవు. అవ్వ, కొడుకు, కోడలు, మనవలు అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. అదే ఆ గుంపుకు గిట్టడం లేదు.

"నిన్న కూలోళ్ళకు ఏం పెట్టారవ్వా?" అని అడిగాను.

"మేమేం పెట్టలే మేడమ్. ఎవరి సద్ది వాళ్ళు తెచ్చుకున్నరు. టీ గూడ పంపలే, పాలు విరిగిపోయినయ్. నేనెందుకు అబద్ధమాడుత?"

ఆమె అబద్ధం ఆడలేదు. నేనూ ఇళ్ళిళ్ళూ తిరిగి సద్దిగిన్నెలు చూశాను, కొన్ని నమూనాలు తీశాను. ఒక్కొక్కరిది ఒక్కో తిండి, అందరికీ ఉమ్మడిగా ఒక్కటీ లేదు. మా ఫారంలో గడిచిన రెండు రోజుల తిండి రాసుకునే గళ్ళు అన్నీ నిండాయి, వాటిలో నుంచి ఏమీ బయటపడలేదు.

మధ్యాహ్నం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. నేను లేనప్పుడు ఒక ఆడపిల్ల చనిపోయింది. కాలేజీ పిల్ల, సెలవని తల్లి వెంట విత్తడానికి వెళ్ళింది. తల్లి వరండాలో శవపరీక్ష గది ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. తల్లికి కడుపులో కొంచెం తిప్పింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఆమె దగ్గరికి ఫారం పట్టుకుని వెళ్ళడం నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ నీచమైనది. వెళ్ళాను. ఫారం సంచిలో పెట్టేసి పక్కన కూర్చున్నాను.

ఆమే మొదలుపెట్టింది. "పొద్దుగాల గా సారు గూడ అడిగిండు. చెప్పిన. జొన్నరొట్టె, పుంటికూర. ఇద్దరం ఒక్క గిన్నెల్నే తిన్నం. ఒక్క బిందె నీళ్ళే తాగినం. మరి నాకెందుకు రాలే మేడమ్? నాకు రావాల్నా, దానికి రావాల్నా?"

ఆమే మళ్ళీ అందుకుంది.

"దానికి చిన్నప్పటి సంది గుగ్గిళ్ళంటే పానం. నేను ఒక్క గింజ నోట్లేసుకొని, మిగిలినయి గూడ దాని ఒళ్ళెనే పోసిన. నాకు పండ్లు బాగలెవ్వు, నువ్వే తిను బిడ్డ అన్న. నవ్వుకుంట తిన్నది. నా చేతుల కెల్లి దానికి ఆఖరుకు పెట్టింది గదే."

"ఏ గుగ్గిళ్ళమ్మా?"

"విత్తు గుగ్గిళ్ళు మేడమ్. విత్తుడు అయిపోయినంక చేన్ల పెడ్తరు గద."

"మరి ఏం తిన్నారని అడిగితే ఎందుకు చెప్పలేదు?"

ఆమె నా ముఖంలోకి విచిత్రంగా చూసింది. "మీరు తిండి అడిగిన్రు. అది తిండెట్లయితది? అది భూమితల్లిది."

నేను పప్పుధాన్యాల దుకాణంలో పుట్టిన మనిషిని, ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. అటువైపు కొన్ని ఊళ్ళలో విత్తడానికి తీసిన గింజ మిగిలితే మళ్ళీ ఇంటి గాదెలో పోయరు. భూమికని తీసింది భూమిదే. విత్తు ముగిసిన సాయంత్రం ఆ మిగిలిన గింజను గుగ్గిళ్ళు చేసి, చేను గట్టున పిడికెడు చల్లి, విత్తిన చేతులకు పంచుతారు. విత్తినవాళ్ళు తిన్నాకే ఇంటివాళ్ళు తినాలి, మిగిలితేనే. ఆకలికి తినేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని తిండిలో లెక్క వేయరు. నేను ఊరంతా తిరిగి అందరినీ తిండి గురించే అడిగాను, అందరూ నిజమే చెప్పారు.

డాక్టరుకు రెండు ముక్కల్లో చెప్పి జీపెక్కాను. మా డ్రైవరు నా ముఖం చూసి బండి తీశాడు. అవ్వ ఇంటి ముందు గుంపు పొద్దుటికంటే పెద్దదైంది. తోసుకుని లోపలికి వెళ్ళాను.

"అవ్వా, విత్తు గుగ్గిళ్ళు ఎట్లా చేశావు?"

"ఎంత మిగుల్తదో మొన్ననే తెలిసె, ఎప్పటిలెక్కనే చేసిన. ఏమైంది?"

"విత్తనం ఎక్కడిది?"

"పోయినేడు వానల్లేక మా ఇంటి విత్తనం పోయె. గందుకని దుకాణంల కొన్న. సంచిల వస్తయ్ చూడు, ఎర్రగ రంగేసినయ్. నాకు తెల్వదా మేడమ్, దానికి మందు పెడ్తరని? గందుకే కడిగిన. రంగు వోయి నీళ్ళు తేటగయ్యేదాంక కడిగిన. నా చేతులు నొచ్చినయ్. రాత్రంత నానవెట్టి మల్ల కడిగిన. దుకాణపాయన గూడ అన్నడు, కడుగుతే పోతది అని."

చీడ పట్టకుండా విత్తనానికి మందు పూసి, ఇది తినేది కాదని తెలియడానికి రంగు వేస్తారు. రంగు నీళ్ళతో పోతుంది. మందు అలా పోదు, నానబెడితే గింజ లోపలికి ఇంకా దిగుతుంది. ఆమె ఎంత శ్రద్ధగా నానబెట్టి కడిగిందో, హెచ్చరికగా ఉన్న రంగు అంత శుభ్రంగా పోయి, విషం అంత లోపలికి పోయింది. ఇదంతా నేను ఆమెకు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. నా ముఖం చూస్తూ చూస్తూ ఆమె మెల్లగా గోడకు ఆనుకుంది.

"అంటే నేనేనా మేడమ్?" అంది.

"మిగిలినవి ఇంకేమైనా ఉన్నాయా అవ్వా? వండినవి గానీ, వండనివి గానీ?"

"ఈడ ఏం లెవ్వు, అన్ని పంచిన." అంతలో ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. "ఇడపనూరుకు పంపిన. నా బిడ్డకు. కడిగి ఎండవెట్టి డబ్బల పోసి, మొన్న మా తమ్ముని చేతికిచ్చి పంపిన. ఆడున్నోళ్ళకు గూడ వంతుండాలె గద. వాళ్ళ విత్తుడు అయిపోయినంక వండుకుంటది."

"వాళ్ళ విత్తు ఎప్పుడు అయిపోతుంది?"

"ఈయాల్నే అనె."

కూతురికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అల్లుడిది స్విచాఫ్. ఇడపనూరు ఆరోగ్య కేంద్రానికి చేశాను. ఇంటి పేరు చెబితే, ఆ పేరున్న ఇళ్ళు ఊళ్ళో సగం ఉన్నాయి, ఎవరినో పంపి చూస్తాం అన్నారు. అవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి జీపెక్కింది. గుంపులో ఎవరో, ముసల్దాన్ని పోలీసులు తీస్కపోతున్నరు అని అరిచారు. ఆమె తల తిప్పలేదు.

మల్లట్ నుంచి రాయచూరు మీదుగా ఇడపనూరు. దారి పొడుగునా అవ్వ ఫోన్ నొక్కుతూనే ఉంది. మొత్తం మోగడం, తర్వాత ఆ రికార్డు గొంతు, మళ్ళీ నొక్కడం. మా డ్రైవరు మామూలుగా మాటకారి, ఆ రోజు ఒకే ఒక్కసారి నోరు విప్పాడు. "ఫికర్ నక్కో కరో అమ్మా, పహుంచ్ జాతే" అన్నాడు, దిగులు పడకమ్మా, చేరిపోతాం అని. రాయచూరు ఊళ్ళో ఉల్లిగడ్డల లారీలు అడ్డం వస్తే దిగి నేనే ఆ డ్రైవర్ల మీద అరిచాను. నాన్న దుకాణం ఉన్న వీధి పక్క నుంచే పోయాం. నేను అటు చూడలేదు.

ఆ ఇంటి గడప దగ్గరికి రాగానే ఉడికిన శనగల వాసన వచ్చింది. ఎంత కమ్మటి వాసన. కూతురు పొయ్యి మీద నుంచి అప్పుడే గిన్నె దించుతోంది. పక్కన పళ్ళెం, కుంకుమ సిద్ధంగా ఉన్నాయి. వాకిట్లో చేను నుంచి వచ్చిన కూలీలు కాళ్ళు కడుక్కుంటున్నారు. ఫోను ఎక్కడో గూట్లో మోగుతోంది.

అవ్వ నేరుగా పోయి ఆ సలసల కాగే గిన్నెను ఉత్త చేతులతో పట్టుకుంది.

"ఏందమ్మా గిట్ల జేస్తున్నవ్? చేతులు కాల్తయి, ఇడువు" అని కూతురు అరిచింది.

ఆమె విడవలేదు. పెంట మీద పోయడానికి దొడ్డివైపు నడుస్తోంది. నేను అడ్డం పడి గిన్నె పట్టుకున్నాను. అవ్వ ఊళ్ళో ఒక్క గింజ మిగల్లేదు, నాకు నమూనా కావాలి, అది లేకపోతే రేపు ఎవరూ ఈ మాట నమ్మరు. ఇద్దరు ఆడవాళ్ళం ఆ గిన్నె కోసం పెనుగులాడాం. చివరికి నేను కేక వేశాను, ఆమె వదిలేసింది. అరచేతుల చర్మం గిన్నె అంచుకు అంటుకుని ఊడింది.

కూతుర్ని కూర్చోబెట్టి అడిగాను. "తిన్నావా?"

"లేదు మేడమ్. కూలోళ్ళు తినకముందు మేమెట్ల తింటం?"

ఊపిరి పీల్చుకోబోయాను. అంతలో ఆసుపత్రి వరండాలోని ఆ తల్లి గుర్తొచ్చింది. మళ్ళీ అడిగాను. "నోట్లో ఏమైనా వేసుకున్నావా?"

"ఉడికినయో లేదో అని రెండు గింజలు నమిలి చూసిన. గంతే" అంది.

అదే జీపులో రాయచూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. సగం దారిలో వాంతి చేసుకుంది. ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. అవ్వ చేతులకు కూడా అక్కడే కట్టు కట్టారు. తరగతిలో పిల్లలకు నేను చెప్పే ఆ ఒక్క పాఠం అక్కడ పుట్టింది. పుస్తకంలో చదివి చెప్పేది కాదు.

తర్వాత జరిగినవి కాగితాల పనులు. నమూనాల్లో మందు ఉందని ల్యాబు చెప్పింది, ట్యాంకు నీళ్ళలో ఏమీ లేదని కూడా చెప్పింది. సీలు వేయడానికి ఒక గంట పట్టింది. తీయడానికి మాత్రం వారాలు పట్టాయి, ఆ ఫైలు మీద ఎవరెవరి సంతకాలు కావాలో ఎవరికీ తెలియలేదు. అన్నాళ్ళూ ఆ ఊరి ఆడవాళ్ళు మంచి నీళ్ళకు తాళం వేసి ఉండగా దూరపు నీళ్ళు మోశారు. క్యాంపువాళ్ళకు పగిలిన పంపులు ఎవరూ ఇవ్వలేదు, క్షమించమని కూడా ఎవరూ అనలేదు. నేను ఒక్కదాన్నే పోయి ఆ పెద్దమనిషితో అన్నాను. పర్లేదులెండి అన్నాడు, కానీ లోపలికి రమ్మనలేదు. మా ఫారంలో 'నోట్లో వేసుకున్నవి' అని ఒక గడి పెంచమని పైకి రాశాను. పరిశీలనలో ఉంది అన్నారు. నేను రిటైరయ్యే రోజుకు కూడా పరిశీలనలోనే ఉంది.

అవ్వ మీద కేసు పెట్టాలని ఊరు పట్టుబట్టింది. కూలోళ్ళకు పెట్టింది, తన ఇంట్ల ఒక్కరికి పెట్టలే, తెలిసే చేసింది అన్నారు. పోలీసు ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి అడిగాడు. "తెలిసిన మనిషైతే అదే గింజను కన్నకూతురికి డబ్బాలో పోసి పంపుతుందా?" అన్నాను. ఆమె చేతులు ఒకసారి చూసి రమ్మన్నాను. ఆయన వెళ్ళి చూశాడు, కేసు పెట్టలేదు. ఊరు మాత్రం ఆమెను దూరం పెట్టింది. దుకాణం ఆయనకు కాగితాల ప్రకారం తప్పేమీ అంటలేదు. సంచి మీద హెచ్చరిక ఉంది, పుర్రె బొమ్మ కూడా ఉంది, వెతుక్కుంటే కనిపిస్తుంది.

ఏడాది తిరిగింది. మళ్ళీ శనగ విత్తే రోజులు. ఒకనాడు అవ్వ ఫోన్ చేసింది. ఆ ఏడంతా ఆమె చేనులోకి ఒక్క కూలీ అడుగుపెట్టలేదట. కొడుకూ కోడలూ ఎంత విత్తగలరు. వేరే ఊరి నుంచి పిలిచినా కథ ముందే చేరిపోతోంది.

"నేల బీడు వడ్తది మేడమ్. కూలోళ్ళను బతిమిలాడిన, ఒక్కరోజు వస్తమన్నరు. కానీ విత్తు గుగ్గిళ్ళు నేను వండాల్నంటున్నరు. వండకుంటే తప్పు ఒప్పుకున్నట్టట, వండుతే ఎవరు తింటరు? గంజ్‌ల తినే శెనగలు కొన్న. మీరు చూసి చెప్పున్రి. మీరొస్తే తింటరు."

ఆ శనగల నుంచి కొన్ని తీసి ల్యాబుకు పంపాను. ఏమీ లేదని నివేదిక వచ్చింది. విత్తు ముగిసే సాయంత్రానికి దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మా డ్రైవరు కూడా జీపు దిగి వచ్చి నిలబడ్డాడు. చేను గట్టున ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు. కొందరు పోయినేడు ఆసుపత్రి చాపల మీద చూసిన ముఖాలు. ఆ చివర, మిగతావాళ్ళకు కొంచెం ఎడంగా, చనిపోయిన పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఆమె వస్తుందని నేను అనుకోలేదు.

అవ్వ గట్టు మీద పిడికెడు చల్లి, గిన్నె పట్టుకుని వరుస మొదట నిలబడింది. ఆమె అరచేతుల్లో కాలిన మచ్చలు ఇంకా నున్నగా మెరుస్తున్నాయి. ఒక్క చేయి కూడా చాపలేదు. అందరూ నావైపు చూశారు. నేను నివేదిక చదివి వినిపించాను, ఆ కన్నడ అక్షరాలు గాలిలోకి పోయాయి. సరే, నాకు పెట్టు అవ్వా అన్నాను. అవ్వ నా దోసిట్లో గుగ్గిళ్ళు పోసింది. వెచ్చగా ఉన్నాయి. ఇడపనూరు గడపలో వచ్చిన వాసనే వచ్చింది.

చేయి నోటిదాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

పరీక్ష చేయించింది నేనే. నివేదిక నా సంచిలో ఉంది. ఆ గింజల్లో ఏమీ లేదని ఆ గట్టు మీద అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. అయినా చేయి కదల్లేదు. అందరూ చూస్తున్నారు, అవ్వ చూస్తోంది. చదువు, ఉద్యోగం, కాగితం, ఏవీ ఆ చేతిని ముందుకు నెట్టలేకపోయాయి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

చివర కూర్చున్న ఆ తల్లి లేచింది. చేను మట్టి అంటిన కాళ్ళతో మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"ఇటియ్యి మేడమ్. మీకు ఇంటికాడ పిల్లలున్నరు" అంది.

నా దోసిట్లోవి తన దోసిట్లోకి ఒంపుకుంది. బాగలేని పళ్ళతో ఒక్కొక్క గింజ నెమ్మదిగా నమిలింది. అన్నీ అయ్యేదాకా నమిలి, నోరు తుడుచుకుని, అవ్వ వైపు తిరిగింది. వాళ్ళిద్దరూ ఏడాదిగా మాట్లాడుకోలేదని తర్వాత తెలిసింది.

"ఉప్పు తక్కువైందవ్వా" అంది.

అవ్వ గిన్నె కింద పెట్టి ఉప్పు మూట తీసింది. కాలిన చేతులకు ముడి రావడం లేదు. ఆ తల్లే వంగి ముడి విప్పింది.